ఇసుక బాట మజిలీలు

భీమిలిలో గోస్తని దాటి ఉత్తరానికి తిరిగితే కుడిచేతి పక్కన సముద్రం, ఎడమచేతి పక్కన సరుగుడు తోటలు, జీడి తోటలు, మొగలి డొంకలు. రెండింటి మధ్యన అల వచ్చి పోయిన చోట గట్టిపడ్డ ఇసుక. ఆ ఇసుక పట్టుకుని ముక్కాం, కోనాడ, చింతపల్లి, కళింగపట్నం, భావనపాడు, బారువ మీదుగా ఇచ్ఛాపురం సీమ దాటి, రుషికుల్య దాటి, చిలికా సరస్సుకు బయటి గట్టులా ఉన్న ఇసుక నేల మీదుగా పోతే పూరీ జగన్నాథం చేరతాం. దూరం మూడువందల యాభై కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. ఇప్పుడు ఏ పటంలోనూ దీన్ని బాట అని గీయరు. మా ముత్తాతల కాలానికి ఇది బాటే.

నేను ఉద్దానంలో పుట్టినవాణ్ణి. శ్రీకాకుళం జిల్లాలో కాలేజీ పిల్లలకు చరిత్ర చెప్పి రిటైరయ్యాను. సంక్రాంతి వెళ్ళాక, ఈదురుగాలులు లేని రోజులు చూసుకుని, ఈ తీరంలో ఏదో ఒక ముక్క నడవడం నాకు అలవాటు. టార్పాలిన్ పట్టా, నైలాను తాడు, దుప్పటి, సత్తు గిన్నె, అటుకులు, బెల్లం, చోడిపిండి, ఉప్పు, రెండు నీళ్ళ సీసాలు. ఇంతే సామాను. రాత్రి ఏ పేట దగ్గరో, ఏ గుడి అరుగు మీదో పడక. నాతో వచ్చే కుర్రాళ్ళు దీన్ని కొత్త సరదా అనుకుంటారు. ఇంటర్నెట్టులో విదేశాల వాళ్ళ వీడియోలు చూసి వచ్చినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకి నేను నడుస్తూ చెప్పే సంగతులే ఇక్కడ రాస్తున్నాను. డబ్బు లేని మనిషి సముద్రం పక్కన రోజుల తరబడి నడిచి, రాత్రికి భయం లేకుండా పడుకోగలగడం మన తీరంలో చాలా పాత ఏర్పాటు. అది ఊరికే రాలేదు. ఎవరో నీళ్ళు చూపించారు, ఎవరో నీడ కట్టారు, ఎవరో ఏరు దాటించారు. ఆ ఏర్పాటు ఎలా నిలబడిందో, ఎలా పోయిందో తెలుసుకోకుండా ఈ ఇసుక మీద నడవడం నాకు సగం నడకలాగే అనిపిస్తుంది.

మొదట నీళ్ళ సంగతి.

విశాఖపట్నం నుంచి భీమిలి పోయే బీచ్ రోడ్డులో ఎడమ పక్కన తొట్లకొండ, బావికొండ, భీమిలి ఊరి నెత్తిన పావురాలకొండ. మూడూ బౌద్ధుల నివాసాలే. తొట్లకొండ సంగతి 1976లో నౌకాదళం సర్వే చేస్తుండగా బయటపడింది. 1988 నుంచి కొన్నేళ్ళపాటు రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వింది. శాతవాహనుల నాణేలు, రోమను నాణేలు దొరికాయి. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దం నుంచి క్రీస్తు తర్వాత రెండు మూడు శతాబ్దాల దాకా అక్కడ మనుషులు మసిలారు. నేను పిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు స్తూపం దగ్గరకంటే ముందు రాతిలో తొలిచిన తొట్ల దగ్గర ఆపుతాను. పావురాలకొండ మీదా అలాంటి తొట్లు ఉన్నాయి. వానాకాలం పడ్డ ప్రతి చుక్కనీ రాతిలోకి పట్టి దాచుకున్న తొట్లు అవి. భిక్షువుకు వానాకాలం మూడు నెలలూ ఒకచోట ఉండమని నియమం, మిగిలిన ఏడంతా నడవమని నియమం. తీరం వెంట నడిచేవాడికి సముద్రం ఎంత కనిపించినా గొంతు తడుపుకోవడానికి చుక్క దొరకదు. కాబట్టి నడక దారికి కనుచూపు మేరలో, ఓడల వాళ్ళకూ కనిపించే కొండ మీద, నీళ్ళు దాచారు. ఈ తీరంలో బాటసారి కోసం జరిగిన ఏర్పాట్లలో మనకు కనిపించే అతి పాతది ఇదేనని నా అభిప్రాయం.

కొండ లేని చోట చెలమే గతి. ఇసుక దిబ్బకు వెనక పక్క, మొగలి పొదలు పచ్చగా ఉన్న పల్లంలో మోకాటి లోతు తవ్వితే తియ్యటి నీరు ఊరుతుంది. వాననీరు ఇసుకలోకి ఇంకి, కింద ఉన్న బరువైన ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది. ఆశపడి ఇంకా లోతుకు తవ్వితే ఉప్పు తగులుతుంది. పేటల్లో ఆడవాళ్ళకు ఏ చెలమ ఏ నెల దాకా తియ్యగా ఉంటుందో నోటికి వచ్చు. ఒకసారి చింతపల్లికి ఇవతల ఒక ముసలమ్మ నా చేతిలోంచి గిన్నె లాక్కుని, ‘అక్కడ తవ్వకు నాయినా, అది ఉప్పుటేరు నీరు. ఇటు రా’ అని పది అడుగులు పక్కకు తీసుకెళ్ళి తవ్వి చూపించింది. ఆ నీళ్ళతోనే ఆ రాత్రి అంబలి కాచుకున్నాం. పుస్తకాల్లో నాకు దొరకని భూగర్భశాస్త్రం అది.

బాటకు అసలు జనం పెరిగింది జగన్నాథుడి వల్ల. వంశధార ఒడ్డున ముఖలింగం గాంగరాజుల కళింగనగరం. అక్కడి నుంచి ఏలిన అనంతవర్మ చోడగంగదేవుడు పన్నెండో శతాబ్దంలో ఉత్తరానికి రాజ్యం విస్తరించి, పూరీలో ఇప్పుడున్న పెద్ద గుడి పని మొదలుపెట్టాడు. రాజధాని కటకానికి మారింది. రాజు వెళ్ళిన దారినే దేవుడి కోసం జనం వెళ్ళడం మొదలైంది. పూరీకీ శ్రీకూర్మానికీ సింహాచలానికీ నడుమ ఒక తాడు కట్టినట్టయింది. శ్రీకూర్మం గుడి స్తంభాల మీద తెలుగు, సంస్కృత, ఒరియా శాసనాలు పక్కపక్కనే ఉంటాయి. ఏ ఊరి నుంచి ఎవరు వచ్చి దీపానికి ఏమిచ్చారో ఆ రాళ్ళు చెబుతాయి. శ్రీకూర్మం నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. అక్కడ పిల్లల్ని స్తంభాల దగ్గర వదిలేసి చూడండి, భాషలు ఎలా కలిసి నడిచాయో వాళ్ళే కనిపెడతారు.

ఆ తాడు పట్టుకుని దక్షిణానికి నడిచినవాళ్ళలో పెద్ద పేరు చైతన్యుడిది. 1510లో పూరీ నుంచి బయలుదేరి, ఆలాలనాథ్ మీదుగా తీరం వెంట దిగి శ్రీకూర్మం చేరాడు. కృష్ణదాస కవిరాజు రాసిన చైతన్య చరితామృతంలో ఈ నడక వివరంగా ఉంది. శ్రీకూర్మంలో కూర్ముడనే బ్రాహ్మణుడి ఇంట్లో ఆతిథ్యం, కుష్ఠురోగి వాసుదేవుణ్ణి కౌగలించుకోవడం, తర్వాత సింహాచల నృసింహుడి దర్శనం, ఆపైన గోదావరి ఒడ్డున రామానందరాయలతో భేటీ. రామానందుడు గజపతుల తరఫున రాజమహేంద్రవరం ఏలుతున్న అధికారి. చైతన్యుడు గుడారం మోసుకుపోలేదు, డబ్బు మూట మోసుకుపోలేదు. ఏ ఊళ్ళో పొద్దుగూకితే ఆ ఊరి గృహస్థు ఇంటి అరుగే మజిలీ. ఈ కథలో నాకు అన్నిటికంటే విలువైనది కూర్ముడి ఇల్లు. అతను పండితుడో, ధనికుడో, ఆ సంగతి నడిచొచ్చినవాడికి అక్కర్లేదు. తలుపు తీశాడు, అన్నం పెట్టాడు. ఐదువందల ఏళ్ళ తర్వాత కూడా పేరు నిలిచింది.

సైన్యాలూ ఈ సీమలోనే దిగాయి. కృష్ణదేవరాయలు కళింగ దండయాత్రలో సింహాచలం దాకా వచ్చి 1516లో శాసనం వేయించాడు, పొట్నూరులో జయస్తంభం నాటించాడు. 1803 సెప్టెంబరులో కర్నల్ హార్కోర్ట్ గంజాం నుంచి ఈస్టిండియా కంపెనీ దండును చిలికాకూ సముద్రానికీ మధ్యనున్న ఇసుక మీదుగా నడిపించి, మాణిక్యపట్నం దాటించి, పూరీని పట్టుకున్నాడు. దండుల చరిత్ర రాసినవాళ్ళు చాలామంది ఉన్నారు, కనుక నేను ఇక్కడ ఆగను. మాణిక్యపట్నం గురించి మాత్రం ఒక్కమాట. జగన్నాథుడూ బలభద్రుడూ సిపాయిల వేషంలో కాంచీ యుద్ధానికి పోతూ ఆ చోట మాణిక అనే గొల్లపిల్ల చేత మజ్జిగ తాగారని, చేతిలో డబ్బు లేక ఉంగరం ఇచ్చారని ఒరియావాళ్ళు చెప్పుకుంటారు. తీరపు బాట మీద దాహంతో నడిచిన జనం కట్టుకున్న కథ అది. దేవుడైనా ఆ ఇసుక మీద నడిస్తే మజ్జిగ అడగక తప్పదని వాళ్ళకు తెలుసు.

ఇక నాకు గురువులాంటివాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరు. 1830 మే 18న మద్రాసులో బయలుదేరి, కాశీ చూసుకుని, గయ, కలకత్తా, జగన్నాథం మీదుగా మన తీరం వెంట దిగి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరాడు. పదిహేను నెలల పదిహేను రోజుల ప్రయాణం. దారిలో ఎప్పటికప్పుడు స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళైకి రాసి పంపిన సంగతులే కాశీయాత్ర చరిత్ర. 1838లో అచ్చయింది. అప్పటికి వీరాస్వామయ్య లేడు.

ఆయన పేదవాడు కాదు. పల్లకీలు, బోయీలు, డేరాలు, బంధువులు, పరిచారకులు కలిపి వందమంది దాకా ఉన్న బృందం. అయినా ఆ పుస్తకం పేద బాటసారికి పనికొచ్చేలా రాశాడు. ఊరు నుంచి ఊరికి ఎంత దూరం, దారి ఇసుకా బురదా, దుకాణాలు ఉన్నాయా, నీళ్ళు మంచివా కావా, దిగడానికి సత్రం ఉందా తోపు ఉందా, ఏరు వస్తే దాటడానికి పడవ ఉందా. ఇవే ఆయన రోజూ చూసింది. గొప్ప గుడి గురించి ఎంత శ్రద్ధగా రాశాడో, మంచినీళ్ళ బావి గురించీ అంతే శ్రద్ధగా రాశాడు. తన వెనక ఎవరో నడుస్తారని, వాళ్ళకు తెలియాలని ఆయన తపన. తెలుగులో యాత్రా రచనకు ఇంత మంచి మొదలు దొరకడం మన అదృష్టం. తీరం వెంట నడవాలనుకునే కుర్రాళ్ళకు కొత్త బూట్ల కంటే ముందు ఈ పుస్తకం కొనుక్కోమని చెబుతాను.

ఆయన చూసిన లోకానికి నడిబొడ్డు సత్రం. జమీందార్లు, కోమటి వర్తకులు, ఒక్కోసారి పిల్లలు లేని వితంతువులు పుణ్యం కోసం కట్టించేవాళ్ళు. మధ్యలో మండువా, చుట్టూ వసారా, వెనక వంటపొయ్యిల గది, పెరట్లో బావి, ముందు రావిచెట్టో మర్రిచెట్టో. ఖర్చుకు మాన్యం భూమి రాసేవాళ్ళు. ఆ భూమి పండినంత కాలం సత్రంలో పొయ్యి వెలిగేది. డబ్బు అడిగేవాళ్ళు కాదు. చాలాచోట్ల మూడు పూటలో మూడు రోజులో ఉండనిచ్చి, తర్వాత సాగనంపేవాళ్ళు.

సత్రం అందరిదీ కాదన్నది కూడా దాచకుండా చెప్పాలి. ఎక్కువ సత్రాల్లో వండి వడ్డించేది బ్రాహ్మణులకు. మిగిలిన కులాలవాళ్ళకు వసారాలో చోటు, ఉప్పూ పప్పూ బియ్యం ఇస్తే స్వయంపాకం. అంటరానివాళ్ళని ముద్ర వేసిన జనానికి గడప లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. అదే మనుషులు పూరీ చేరి మహాప్రసాదం అందరితో కలిసి తినొచ్చని ఆశపడి నడిచినవాళ్ళు. దారి పొడుగునా మాత్రం చెట్టు కిందే పడక. వాళ్ళు పెద్ద బాట వదిలి సముద్రం పక్కకు దిగి నడవడానికి ఇదొక కారణమని నేను నమ్ముతాను. ఇసుక ఎవరి కులం అడగదు. వాడబలిజలు, జాలర్లు ఉండే పేటల్లో నావల చాటున పడుకోవడానికి ఎవరి అనుమతీ పత్రం అక్కర్లేదు. పెద్ద బాటలో సత్రాలు కట్టించినవాళ్ళ పేర్లు రాళ్ళ మీద ఉన్నాయి. ఇసుక బాటలో నీళ్ళిచ్చినవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు.

మా నాయనమ్మ అత్తగారు రైలు రాకముందు జగన్నాథానికి నడిచింది. ఆవిణ్ణి నేను చూడలేదు. నాయనమ్మ చెప్పగా విన్నదే. ఆషాఢంలో రథయాత్ర కాబట్టి జ్యేష్ఠం చివర మా ఊరి నుంచి ఆడామగా కలిసి ఒక గుంపుగా కదిలారు. చోడిపిండి, ఉప్పు, చింతపండు, ఎండుమిరపకాయలు మూటలో. రాగి చెంబు భుజాన. చిల్లర డబ్బులు నడుముకు చుట్టిన గుడ్డ మడతలో. పగటి ఎండలో తోపుల్లో పడుకుని, పొద్దు వాలాక, వెన్నెల ఉంటే రాత్రి కూడా నడిచేవాళ్ళు. అలల మోత వినిపిస్తున్నంతసేపూ దారి తప్పలేదని ధైర్యం. ఏటి మొగల దగ్గర ఆగి, ఆటు వచ్చేదాకా కూర్చుని, నీరు తగ్గాక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దాటేవాళ్ళు. లోతున్న చోట దోనెవాడికి ఒక దోసెడు పిండి ఇచ్చేవాళ్ళు.

ఏళ్ళు దాటడమే ఈ నడకలో అసలు కష్టం. గోస్తని, చంపావతి, నాగావళి, వంశధార, మహేంద్రతనయ, బాహుదా, రుషికుల్య. ఇవి కాక పేరున్నవీ లేనివీ గెడ్డలు. ఎండాకాలంలో చిన్న ఏళ్ళ మొగలకు సముద్రమే ఇసుక అడ్డం వేస్తుంది, కాలు తడవకుండా దాటొచ్చు. ఒక్క వాన పడి కొండల్లోంచి నీరు దిగితే ఆ ఇసుక అడ్డు ఒక్క రాత్రిలో తెగిపోతుంది. నిన్న దాటినచోట ఇవాళ దాటగలమని లేదు. రథయాత్రకు పోయేవాళ్ళు నైరుతి వానలు మొదలయ్యే వేళకే నడవాలి, తిరిగొచ్చేది వానల్లోనే. అందుకే వెళ్ళినవాళ్ళంతా తిరిగి రాలేదు. ఏళ్ళకంటే ఎక్కువమందిని కలరా తీసుకుపోయింది. పంతొమ్మిదో శతాబ్దమంతా పూరీ దార్లు కలరాకు పేరుపడ్డాయి. గుంపులు గుంపులుగా జనం, ఒకే చెరువు, ఒకే బావి. మా ఊరి గుంపులో ఒక పెద్దాయన్ని చిలికా ఒడ్డున దహనం చేసి వచ్చారట. కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానమని మన పెద్దలు అన్నమాట జగన్నాథానికీ వర్తించేది. తిరిగొచ్చినవాళ్ళను ఊరి పొలిమేరలో నిలబెట్టి కాళ్ళు కడిగి లోపలికి తీసుకొచ్చేవాళ్ళు. ఆవిడ తెచ్చిన జగన్నాథం బెత్తం మా ఇంట్లో నా చిన్నప్పటి దాకా దూలం సందులో ఉండేది.

తర్వాత రైలు వచ్చింది. 1893 నుంచి 1896 లోపల బెజవాడ నుంచి కటకం దాకా ఈస్ట్ కోస్ట్ రైలు మార్గం ముక్కలు ముక్కలుగా తెరిచారు. 1897 ఫిబ్రవరిలో ఖుర్దా రోడ్డు నుంచి పూరీకి రైలు నడిచింది. ఏళ్ళన్నిటి మీదా వంతెనలు పడ్డాయి. రెండు మూడు వారాల నడక ఒక రాత్రి ప్రయాణమయింది. రైలును నేను తిట్టను. చిలికా ఒడ్డున కట్టెలు పేర్చే అవసరం తప్పించిన బండి అది. అయితే దానితో పాటు పోయినదాన్ని ఎవరూ లెక్క వేయలేదు. బాటసారి లేనప్పుడు సత్రానికి పని లేదు. మాన్యాలు చేతులు మారాయి. నేను చూసిన పాత సత్రాల్లో కొన్ని ఎలిమెంటరీ స్కూళ్ళయ్యాయి, ఒకటి ఎరువుల గోడౌనయింది, మరొకటి కప్పు కూలి మండువాలో వేపచెట్టు మొలిచింది. కొత్త సత్రాలు వచ్చినా రైలు స్టేషన్ల పక్కన వచ్చాయి. బాట సముద్రాన్ని వదిలి లోపలికి జరిగిపోయింది. ఇవాళ్టి జాతీయ రహదారీ అంతే.

కొంతకాలం రేవులు తీరాన్ని బతికించాయి. భీమిలి డచ్చివాళ్ళ రేవు. 17వ శతాబ్దం నాటి వాళ్ళ సమాధులు ఇప్పటికీ ఊళ్ళో ఉన్నాయి. తర్వాత ఇంగ్లీషువాళ్ళ కాలంలో అక్కడి గోగునార ‘భీమిలి జ్యూట్’ పేరుతో సీమకు పోయింది. చింతపల్లి దగ్గరి శంతపిల్లి రాళ్ళకు ఓడలు తగలకుండా 1847లో కొండ మీద దీపస్తంభం కట్టారు. కళింగపట్నం, బారువ రేవుల్లో స్టీమరు ఆగేది. మా జిల్లా కూలీలు పల్లెల నుంచి మూటలు నెత్తిన పెట్టుకుని రేవుదాకా నడిచి, స్టీమరెక్కి రంగం పోయేవాళ్ళు. బర్మాలో మిల్లుల్లో, రేవుల్లో, పొలాల్లో పనులకు. 1942 యుద్ధంతో అదీ ఆగింది. ఆ తర్వాత ఈ ఇసుక మీద రోజూ నడిచింది ఒక్క మత్స్యకారులే. నెత్తళ్ళ తట్ట నెత్తిన పెట్టుకుని సంతకు పోయే ఆడవాళ్ళ నడకే ఈ బాటను చెరిగిపోకుండా ఉంచింది.

కళింగపట్నం చేరినవాళ్ళను ఒక పూట వంశధార ఒడ్డున ఎగువకు తీసుకెళ్తాను, శాలిహుండం దాకా. ఆ కొండ మీది స్తూపాలను 1919లో గుర్తించి లోకానికి చెప్పినవాడు గిడుగు రామమూర్తి పంతులు. అదే వంశధార ఒడ్డున పర్వతాలపేటలో పుట్టినవాడు. సవరల భాష నేర్చుకోవడానికి అడవిలోకి నడిచినవాడు, జనం మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా కొట్లాడినవాడు. కాళ్ళు అరిగేలా తిరిగితేనే ఇలాంటివి కళ్ళబడతాయని నా నమ్మకం. కొండ మీద నుంచి చూస్తే నది సముద్రంలో కలిసే దిక్కంతా కనిపిస్తుంది. రేవు, నది, కొండ మీద విహారం. భీమిలి పావురాలకొండ దగ్గర ఉన్న అమరికే ఇక్కడా ఉంది.

ఇప్పుడు పడక సంగతి. కుర్రాళ్ళు అడిగేది ఎక్కువగా ఇదే. డేరా కొనక్కర్లేదు. టార్పాలిన్ పట్టా, రెండు కర్రలు చాలు. ఎండిన నాచు, గవ్వలు వరసగా పడి ఉన్న గీతే పోటు గీత. దానికి బాగా ఎగువన, దిబ్బకు లోపలి పక్క పడక వేసుకోవాలి. ఏటి మొగ దగ్గర వద్దు. గాలి ఉన్న రాత్రి సరుగుడు చెట్ల కింద వద్దు, కొమ్మలు విరిగి పడతాయి. అన్నిటికంటే ముందు పక్క పేటకు వెళ్ళి పెద్దమనిషికి చెప్పాలి. ఎవరం, ఎక్కడి నుంచి వస్తున్నాం, ఎక్కడికి పోతున్నాం. ఈ మూడు మాటలు చెప్పని మనిషిని పేట నమ్మదు, నమ్మకూడదు కూడా. చెప్పినవాణ్ణి మాత్రం వదలదు. గంగమ్మ గుడి అరుగు చూపిస్తారు, తెల్లవారి వల లాగే వేళకు లేపుతారు, తాడు పట్టి లాగితే కూరకు నాలుగు చేపలు చేతిలో పెడతారు. డబ్బు ఇవ్వబోతే చిన్నబుచ్చుకున్న ఇళ్ళు నాకు తెలుసు. పిల్లలకు పుస్తకాలు, పెన్నులు తీసుకెళ్ళడం మంచి మర్యాద. జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు సముద్రపు తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. టార్చిలైట్లు, మంటలు చూస్తే దారి తప్పుతాయి. ఆ నెలల్లో ఇసుక మీద మంట వేయకండి, అన్నం పొద్దుండగానే వండుకోండి.

తీరం మారిపోతోంది. విశాఖ నుంచి భీమిలి దాకా, ఆ పైన భోగాపురం దాకా భూమి ధర పెరిగిన కొద్దీ కంచెలు పెరిగాయి. ఒకచోట రిసార్టు గోడ పోటు గీత దాకా వచ్చేసింది. కావలివాడు మమ్మల్ని వెనక్కి పొమ్మన్నాడు, అలల్లోకి దిగి నడుములోతు నీళ్ళలో చుట్టూ తిరిగి వెళ్ళాం. అదే కంచె చేపల తట్టలు మోసే ఆడవాళ్ళ దారికీ అడ్డమే. 1991లో వచ్చిన తీర ప్రాంత నియంత్రణ ఉత్తర్వులు పోటు గీత నుంచి 500 మీటర్ల మేర నేలను అదుపులోకి తెచ్చాయి, పల్లె తీరంలో మొదటి 200 మీటర్లలో కొత్త కట్టడాలు కూడదన్నాయి. 2019 ఉత్తర్వుల్లో జనసాంద్రత ఎక్కువ ఉన్న పల్లెలకు ఆ 200 మీటర్లను 50కి తగ్గించారు. ఇది తప్పు నిర్ణయమని నా తీర్పు. తీరం ఏటా కోతకు గురవుతోంది. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో తిత్లీ ఏం చేశాయో మా కొబ్బరి తోటలను అడగండి. ఆ 50 మీటర్లలో నావ పెట్టుకోవాలా, వల ఆరబెట్టుకోవాలా, మనిషి నడవాలా?

నేను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. తీరం పొడుగునా మత్స్యకార పేటల దగ్గర తుపాను షెల్టర్లు కట్టారు. పక్కా కప్పు, పైకి మెట్లు. ఏడాదిలో ఎక్కువ రోజులు చాలావాటికి తాళమే. తుపాను నెలలు పోగా జనవరి నుంచి ఏప్రిల్ దాకా వాటి వరండాలు నడిచేవాళ్ళకు తెరిచి, తాళం పేట మహిళా సంఘం చేతిలో పెట్టి, మనిషికి యాభయ్యో వందో సంఘానికి చెల్లించే పద్ధతి పెడితే సత్రం మళ్ళీ బతుకుతుంది. ఈసారి అందరికీ ఒకే గడపతో. పక్కన ఒక చేతిపంపు ఉంటే చాలు. ఏటి మొగల దగ్గర పడవవాళ్ళకు పంచాయతీ రేటు కట్టి బోర్డు పెట్టాలి. పోటు గీతకు పైన పది అడుగుల దారి ఎవరి కంచెలోకీ పోకుండా ప్రతి పంచాయతీ తీర్మానం చేయాలి.

నడవాలనుకునేవాళ్ళకు నా మాట ఒకటే. మొదటిసారే పూరీ దాకా అనుకోకండి. కళింగపట్నం నుంచి భావనపాడు వైపో, బారువ నుంచి ఇచ్ఛాపురం వైపో రెండు రోజుల నడకతో మొదలుపెట్టండి. మాఘమాసం మంచిది. ఎండ ముదరదు, చెలమల్లో నీళ్ళుంటాయి, చిన్న ఏళ్ళు కాలికి దొరుకుతాయి. తిరిగొచ్చాక వీరాస్వామయ్యలా రాసి పెట్టండి. ఏ పేటలో నీళ్ళు మంచివి, ఏ మొగ ఏ నెలలో దాటొచ్చు, ఎక్కడ కంచె అడ్డం వచ్చింది, ఎక్కడ ఎవరు అన్నం పెట్టారు. ఆ రాతను పంచాయతీ ఆఫీసులో ఒక కాపీ ఇచ్చి రండి.